డెనెన్‌చోఫు స్టేషన్: అపోహలు, వాస్తవాలు

నగర రవాణా ప్రణాళికల పనిలో ఉన్నవాళ్ళకు టోక్యో నైరుతి శివారులో, అదే పేరు గల కాలనీలోని డెనెన్‌చోఫు స్టేషన్ పేరు మీటింగుల్లో తరచూ వినబడుతుంది. పేరుతోపాటు సగం తప్పులూ వినబడతాయి.

అపోహ: ఊరు పెరిగాక జనం అడిగితే రైలు వేశారు.

వాస్తవం: జరిగింది తలకిందులుగా. 1918లో పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచి పెద్దదిక్కుగా డెనెన్ తోషి అనే కంపెనీ పుట్టి, పొలాలు కొనడం మొదలుపెట్టింది. 2024 నుంచి పదివేల యెన్ నోటు మీద ఉన్నది ఈయన బొమ్మే. రైలు లేకపోతే ప్లాట్లు ఎవరు కొంటారు? అందుకే 1922లో మెగురో-కమాటా రైల్వేను అనుబంధ కంపెనీగా పెట్టారు. 1923 మార్చి 11న చోఫు పేరుతో స్టేషన్ తెరిచారు (ఇప్పటి పేరు 1926లో వచ్చింది). ఇక్కడి ప్లాట్ల అమ్మకం ఆగస్టులో మొదలైంది. మన వెంచర్ బ్రోచర్లలో ‘త్వరలో మెట్రో’ అని ఉంటుంది. వీళ్ళు రైలు నడిపించాకే ప్లాటు చూపించారు.

అపోహ: భూకంప బాధితుల కోసం కట్టిన కాలనీ.

వాస్తవం: 1923 సెప్టెంబరు 1న టోక్యోలో మహా భూకంపం వచ్చేనాటికే అమ్మకాలు మొదలయ్యాయి. నగరం మధ్యలో ఇళ్ళు తగలబడ్డాక జనం శివార్ల వైపు చూశారు, గిరాకీ పెరిగింది. అంతే.

అపోహ: ఇంగ్లాండు గార్డెన్ సిటీకి అచ్చు నకలు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. గార్డెన్ సిటీ ఆలోచన ఇచ్చిన ఎబెనెజర్ హోవార్డ్ ఊహించిన ఊళ్ళో ఫ్యాక్టరీలు, ఉద్యోగాలు అక్కడే ఉండాలి. ఇక్కడ ఉన్నవి ఇళ్ళే. పొద్దున్నే టిఫిన్ చేసి అందరూ టోక్యో రైలెక్కాలి. టికెట్లు అమ్ముకునే కంపెనీకి అంతకన్నా ఏం కావాలి! స్టేషన్‌కు పడమర వైపున అర్ధవృత్తాకారపు వీధులు, వాటిని చీల్చుకుంటూ స్టేషన్ నుంచి విచ్చుకునే గింకో చెట్ల దారులు నిజంగానే అందంగా ఉంటాయి. తూర్పు వైపు మాత్రం మామూలు వీధులే, ఫొటోల్లో కనబడవు.

అపోహ: మొదటి నుంచీ కోటీశ్వరుల పేట.

వాస్తవం: అప్పట్లో గురి మధ్యతరగతి ఉద్యోగుల మీదే. ధరలు తర్వాత ఆకాశానికెక్కాయి.

అపోహ: స్టేషన్ ముందున్న వాలు కప్పు భవనం 1923 నాటిది.

వాస్తవం: ఆ పాత భవనాన్ని 1990లో తీసేశారు. ఇప్పుడున్నది 2000లో అదే రూపంలో మళ్ళీ కట్టింది. అందులో టికెట్ గేట్లు కూడా లేవు, రైళ్ళు భూమి కింద నడుస్తాయి. టోక్యో-యోకొహామాలను కలిపే తోయోకో లైను రద్దీ తగ్గించడానికి పట్టాలను రెండు నుంచి నాలుగుకు పెంచడం, స్టేషన్‌ను భూమి కిందికి దించిన ఆ పనుల్లో భాగమే. వెళ్తే పైన ఫొటో తీసుకుని తిరిగొచ్చేయకండి, కిందికి దిగండి. ఒకే దిశలో వెళ్ళే తోయోకో, మెగురో రైళ్ళు ఒకే ప్లాట్‌ఫారానికి చెరోవైపు ఆగుతాయి. మెట్లెక్కకుండా నాలుగడుగుల్లో రైలు మారిపోవచ్చు.