‘డాక్టర్ స్లీప్’ లెక్క ఎక్కడ తప్పింది?

2019 నవంబర్ 8న, ‘ది షైనింగ్’కు కొనసాగింపుగా తీసిన హారర్ సినిమా ‘డాక్టర్ స్లీప్’ అమెరికాలో విడుదలయ్యే నాటికి, ఆ వారం మొదటి స్థానం దానిదేనని ట్రేడ్ వర్గాలు తేల్చేశాయి. మొదటి మూడు రోజుల్లో రెండున్నర కోట్ల డాలర్లయినా వస్తాయని అంచనా. వచ్చింది కోటీ 41 లక్షలు. యుద్ధం సినిమా ‘మిడ్‌వే’ దాన్ని వెనక్కి నెట్టేసింది.

ఈ దెబ్బ వెనక చాలా పాత కథ ఉంది. హారర్ నవలల రచయిత స్టీఫెన్ కింగ్ 1977లో రాసిన ‘ది షైనింగ్’ నవలను స్టాన్లీ కుబ్రిక్ 1980లో సినిమాగా తీశాడు. ఖర్చు దాదాపు కోటీ 90 లక్షల డాలర్లు. అమెరికాలో నాలుగు కోట్లకు పైగా వచ్చింది. నష్టం లేదు, కానీ ప్రభంజనమూ కాదు. అంతకు నాలుగేళ్ల ముందు అదే రచయిత నవలతో వచ్చిన ‘క్యారీ’ 18 లక్షలతో తయారై మూడు కోట్లు దాటింది మరి! పైగా కుబ్రిక్ సినిమా కింగ్‌కే నచ్చలేదు. చెత్త సినిమాలను వెక్కిరిస్తూ ఇచ్చే ‘రాజీ’ (Razzie) అవార్డుల మొదటి ఏడాదిలోనే, చెత్త దర్శకుడి నామినేషన్లలో కుబ్రిక్ పేరు కూడా చేరింది. ఇవాళ దానికున్న గొప్ప పేరంతా తర్వాతి ఏళ్లలో టీవీల్లో, వీడియో క్యాసెట్లలో చూసినవాళ్ల వల్ల మెల్లగా వచ్చింది. అలా అభిమానులైనవాళ్లంతా థియేటర్‌కు వస్తారన్న హామీ ఏముంది?

కింగ్ 2013లో ఆ నవలకు కొనసాగింపుగా ‘డాక్టర్ స్లీప్’ రాశాడు. 2017లో ఆయనదే మరో నవలతో వచ్చిన ‘ఇట్’ సినిమా మూడున్నర కోట్లతో తయారై ప్రపంచమంతా కలిపి 70 కోట్ల డాలర్లు రాబట్టడంతో వార్నర్ బ్రదర్స్ స్టూడియోకు ధైర్యం వచ్చింది. మైక్ ఫ్లానగన్‌కు దర్శకత్వం అప్పగించి, సుమారు నాలుగున్నర కోట్లు పెట్టారు. కుబ్రిక్ సినిమాలోని హోటల్ సెట్లను మళ్లీ కట్టారు. పబ్లిసిటీ కూడా ఆ పాత దృశ్యాల చుట్టూనే సాగింది. ‘ఇట్’ చూడ్డానికి ముందు కథ తెలియనక్కర్లేదు. ఇక్కడ మాత్రం 39 ఏళ్ల నాటి సినిమా చూసి ఉండాలేమోనన్న అనుమానం కుర్రకారును ఆపేసిందని నా ఉద్దేశం. రెండున్నర గంటల నిడివి వల్ల రోజుకు పడే షోలు తగ్గాయి. దయ్యాల సినిమాలకు గిరాకీ ఉండే, అక్టోబర్ చివర్లో వచ్చే హాలోవీన్ పండగ సీజన్ అప్పటికే అయిపోయింది. టాక్ బాగానే ఉన్నా వసూళ్లు పుంజుకోలేదు.

చివరికి ప్రపంచవ్యాప్తంగా వచ్చింది దాదాపు 7 కోట్ల 20 లక్షలు. బడ్జెట్ కన్నా ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ మన దగ్గర గ్రాస్ వేరు, షేర్ వేరు అన్నట్టే అక్కడా థియేటర్ల వాటా పోగా స్టూడియో చేతికి వచ్చేది రమారమి సగం. అంటే మూడున్నర కోట్ల పైచిలుకు. నిర్మాణ ఖర్చే తిరిగి రాలేదు, ప్రచారం ఖర్చు దానికి అదనం.

‘ది షైనింగ్’లోని వంటవాడు డిక్ హాలొరన్ పాత్రతో ఫ్లానగన్ మరో సినిమా అనుకున్నాడు. ఈ వసూళ్లు చూశాక ఆ ఆలోచన అటకెక్కింది.