చలికాలంలో చదువు సాగదా? ప్రాథమిక తరగతి గదిలో అపోహలు - వాస్తవాలు

చలి మొదలవగానే బడిలో కొన్ని మార్పులు ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తాయి. కిటికీలు మూతపడతాయి. ఆటల పీరియడ్ ఎగిరిపోతుంది. మొదటి పీరియడ్‌లో అక్షరాలు వంకరపోతాయి. రోజుకు నలుగురైదుగురు రారు. ఇక మనం "చలికాలం కదా, ఇంతే" అని సరిపెట్టుకుంటాం. నిజానికి చదువును దెబ్బతీసేది చలి కంటే, చలి పేరు చెప్పి మనం చేసే సర్దుబాట్లు. వాటిలో చాలావరకు సరిచూసుకోని నమ్మకాల మీద నడుస్తున్నవే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పేవాళ్లకు తరచూ ఎదురయ్యే వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: కిటికీలు మూసి ఉంచితే పిల్లలకు జలుబు చేయదు.

వాస్తవం: జలుబు తెచ్చేది వైరస్. అలాంటి వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరేడు సార్లు జలుబు చేయడం మామూలే. చలికాలంలో అది ఎక్కువ కావడానికి ఒక పెద్ద కారణం, అందరం ఒకే గదిలో తలుపులు వేసుకుని ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు పీల్చడం. అంటే జలుబు రాకూడదని మూసిన కిటికీయే దాన్ని పక్కవాడికి అంటిస్తోంది.

లెక్క వేసి చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) చుట్టుపక్కల ఉంటుంది. ఏడు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 30 మంది పిల్లల్ని కూర్చోబెట్టి అన్నీ గట్టిగా బిగిస్తే, గంట తిరిగేసరికి అది 2000 దాటుతుంది. 1000 దాటిందంటేనే గదిలోకి కొత్త గాలి చాలినంత రావడం లేదని అర్థం. పిల్లలు ఆవులిస్తారు, చెప్పింది రెండుసార్లు అడుగుతారు. దాన్ని మనం చలిమత్తు అనుకుంటాం.

చేయాల్సింది ఇది. ప్రతి రెండు పీరియడ్ల మధ్య ఎదురెదురుగా ఉన్న కిటికీలు గానీ, కిటికీ-తలుపు గానీ ఐదు నిమిషాలు బార్లా తీయండి. ఆ ఐదు నిమిషాలూ పిల్లలు లేచి నిలబడి ఉంటే మంచిది. పై రెక్కలుంటే వాటిని రోజంతా రెండు వేళ్ల సందు ఉంచండి. గది చల్లబడిపోదా అంటే, చల్లబడేది గాలి ఒక్కటే. గోడలు, బల్లలు, నేల తమ వేడిని పట్టుకునే ఉంటాయి కాబట్టి మూసిన కాసేపటికి గది సర్దుకుంటుంది. దీనికి బదులు ఒకే కిటికీని రోజంతా సగం తెరిచి ఉంచితే ఆ పక్కన కూర్చున్న పిల్లాడు వణుకుతాడు, వెనక మూలకు మాత్రం గాలి చేరదు. రెండు విధాలా నష్టమే.

ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. పిల్లలు నిద్రపోతున్నారనుకుంటాం.

అపోహ: చన్నీళ్లతో చేతులు కడిగితే క్రిములు పోవు.

వాస్తవం: పోతాయి. పనిచేసేది సబ్బు, రుద్దడం. వేడి నీళ్లే కావాలని లేదు. 20 సెకన్లు రుద్దాలి. గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ, వేళ్ల సందుల్లో. పిల్లలకు 20 సెకన్లంటే తెలియదు, రెండో ఎక్కాన్ని నిదానంగా ఒకసారి చెప్పమనండి. అసలు చిక్కు తర్వాత వస్తుంది. చేతులు తుడుచుకోకుండా పరుగెత్తుకొస్తారు, తడి చర్మం చలిగాలికి పగులుతుంది, మంట పుడుతుంది, మర్నాటి నుంచి కడగడమే మానేస్తారు. కొళాయి దగ్గర పొడి గుడ్డలు ఉన్నాయో లేదో ముందు చూడండి. శానిటైజర్ వాడితే అందులో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు, అక్కడ సబ్బే గతి.

అపోహ: పొద్దున అక్షరాలు పాడవుతున్నాయంటే పిల్లల బద్ధకమే.

వాస్తవం: చల్లబడిన వేళ్లు నెమ్మదిగా కదులుతాయి, వాటికి స్పర్శ కూడా మందగిస్తుంది. పెన్సిల్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నదీ తెలియక పిల్లలు ఇంకా బిగించి పట్టుకుంటారు. ఒకసారి దగ్గరగా వంగి చూడండి: చూపుడువేలి మొదటి కణుపు లోపలికి విరుచుకుపోయి, గోరు తెల్లగా పాలిపోయి ఉంటుంది. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు గుట్టలు గుట్టలుగా తగులుతాయి. పది వరుసలు రాసేసరికి చెయ్యి నొప్పి. ముత్యాల్లా రాసే పిల్లైనా ఆ చేతితో అలాగే రాస్తుంది. మందలిస్తే పట్టు ఇంకా బిగుస్తుంది.

రాతకు ముందు మూడు నిమిషాలు కేటాయించండి. అరచేతులు వేడెక్కేదాకా రుద్దుకోవడం, పిడికిలి మూసి తెరవడం పదిసార్లు, బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కొసలనూ వరసగా తాకడం ఐదుసార్లు. ఆ తర్వాత నేరుగా నోట్‌బుక్కు తీయించకండి. పలక మీదో గాలిలోనో పెద్ద పెద్ద అక్షరాలు భుజం కదిలేలా రాయించి, తర్వాత గీతల పుస్తకానికి రండి. పెద్ద కండరాలు ముందు, చిన్న కండరాలు తర్వాత.

పెన్సిల్ కూడా చూడండి. హెచ్‌బీ నల్లగా పడాలంటే కాస్త నొక్కాలి. చలికాలం నెలల్లో ఒకటి, రెండు తరగతులకు 2బీ ఇస్తే తేలిగ్గా ఆనిస్తేనే గీత కనిపిస్తుంది. కాకపోతే మెత్తన కాబట్టి త్వరగా అరుగుతుంది, రుద్దితే అలుక్కుపోతుంది. అలుక్కుపోయేది ఎక్కువగా స్వెట్టర్ చేతుల వల్లే. పొడుగు చేతి అంచు మణికట్టు దాటి అరచేతి మీదికి జారుతుంది, రాసిన వరుస మీదుగా ఈడ్చుకుపోతుంది. రాసేముందు అంచును రెండు మడతలు పెట్టించండి. మార్కులు తీసేసే 'అశుభ్రత' సగం ఇక్కడే పోతుంది.

డిక్టేషన్, పరీక్షలు, చేతిరాత మూడో పీరియడ్‌కు జరపండి. మొదటి పీరియడ్‌లో నోటిలెక్కలు, కథ, గట్టిగా చదివించడం పెట్టుకోవచ్చు. టైంటేబుల్ మార్చడానికి మనసొప్పదు గానీ, చలికాలానికి నేను చెప్పగలిగిన సలహాల్లో ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే.

అపోహ: చలిలో ఆటలకు బయటికి పంపకపోవడమే మంచిది.

వాస్తవం: లోపల కూర్చున్న పిల్లలు ఇంకా చల్లబడతారు. కదిలే కండరం వేడి పుట్టిస్తుంది. ఒక్క 15 నిమిషాలు పరుగెత్తి వచ్చిన తరగతికీ, రాని తరగతికీ తేడా తర్వాతి పీరియడ్‌లో మీకే కనిపిస్తుంది. తప్పు జరిగేది బట్టల దగ్గర. మందపాటి స్వెట్టర్‌తోనే పరుగెత్తిస్తాం, లోపలి చొక్కా చెమటకు తడుస్తుంది, లోపలికి వచ్చి కూర్చున్నాక ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. ఆటకు ముందు పై పొర తీయించి, ఆగిన వెంటనే వేయించండి. నేల మీద కూర్చునే తరగతులైతే కింద మందపాటి చాప గానీ అట్టముక్క గానీ వేయాలి. సిమెంటు నేల వేడిని ఎంత లాగుతుందో, పైన ఎన్ని స్వెట్టర్లు వేసినా ఆపలేవు.

అపోహ: చలికాలంలో నీళ్ల గురించి పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: దాహం తగ్గుతుంది, అవసరం పోదు. పొడిగాలిలో ఊపిరి ద్వారానే నీరు పోతూ ఉంటుంది. పీరియడ్ మారినప్పుడల్లా రెండు గుక్కలు తాగించండి. చలికి మూత్రం ఎక్కువగా వస్తుంది కాబట్టి "ఇందాకే కదా వెళ్లావు" అని ఆపవద్దు. అలా ఆపిన పిల్లలు నీళ్లు తాగడం మానుకుంటారు.

అపోహ: ముక్కు కారుతుంటే ఇంట్లో ఉంచాలి, జ్వరం మందుతో తగ్గితే బడికి పంపొచ్చు.

వాస్తవం: రెండూ తలకిందులు. ఉత్సాహంగా ఉన్న పిల్లకు కాస్త ముక్కు కారితే బడి మానక్కర్లేదు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన యాంటీబయాటిక్ కావాలనీ కాదు. జ్వరం మాత్రం మందు వేయకుండానే 24 గంటలు రాకుండా ఉండాలి. పొద్దున మందు వేసి పంపితే దాని ప్రభావం మధ్యాహ్నానికి తగ్గిపోతుంది, పిల్ల బల్ల మీద వాలిపోతుంది, ఈలోపు పక్కవాళ్లకు అంటుకుంటుంది. తల్లిదండ్రులకు ఈ ఒక్క ముక్క చలి మొదలయ్యేనాడే చెప్పి ఉంచాలి.

అపోహ: రాని రోజుల నోట్సు ఎక్కించుకుంటే పాఠం వచ్చినట్టే.

వాస్తవం: ఎక్కించడం చేతిపని, నేర్చుకోవడం వేరు. మూడు రోజులు జ్వరంతో పడుకుని వచ్చిన పిల్లాడికి నాలుగు సబ్జెక్టుల నోట్సు ఇస్తే, ఇవాళ్టి పాఠం కూడా పోతుంది. పోయినవన్నీ కాదు, ఏది రాకపోతే రేపటి పాఠం అర్థం కాదో అది ఒక్కటి పట్టుకోండి. భాషలో అది ఒక వత్తు కావచ్చు, లెక్కల్లో ఒక మెట్టు కావచ్చు.

ఉదాహరణకు 52 నుంచి 17 తీసివేయమంటే, 'అప్పు' పాఠం తప్పిపోయిన పిల్లలు 45 వేస్తారు. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి ఒకటి తీస్తే నాలుగు. ఏ స్థానంలోనైనా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశారన్నమాట. ఈ తప్పు కనిపిస్తే పది నిమిషాలు చాలు. పదేసి పుల్లలకు రబ్బరుబ్యాండు వేసిన ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఇవ్వండి. ఏడు విడి పుల్లలు అడగండి. లేవు. అప్పుడు పిల్లాడి చేతే ఒక కట్ట విప్పించండి, విడివి పన్నెండవుతాయి. ఏడు తీస్తే ఐదు. నాలుగు కట్టల్లోంచి ఒకటి తీస్తే మూడు. జవాబు 35. రబ్బరుబ్యాండు మీరు విప్పకండి, పాఠమంతా ఆ విప్పడంలోనే ఉంది. మర్నాడు అలాంటివి రెండు లెక్కలు, వారం తర్వాత ఒకటి ఇస్తే నిలుస్తుంది.

అపోహ: స్వెట్టర్ వేడినిస్తుంది.

వాస్తవం: ఇది పిల్లల అపోహ, పెద్దలదీ. చలికాలం ఉండగానే తీర్చాలి. ఒకే ట్రేలో గడ్డకట్టిన రెండు ఐసు ముక్కలు తీసుకోండి. రెండింటినీ చిన్న ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. ఒకటి చెక్కబల్ల మీద అలాగే ఉంచండి, రెండోదాన్ని ఉన్ని స్వెట్టర్‌లో మూడు నాలుగు మడతలు చుట్టండి. ఏది ముందు కరుగుతుందో చెప్పమని, చేతులు లెక్కపెట్టి బోర్డు మీద రాయండి. 'స్వెట్టర్‌లోది' అని ఎక్కువ చేతులు లేస్తాయి. అరగంటకు విప్పి చూస్తే స్వెట్టర్‌లోదే పెద్దగా మిగిలి ఉంటుంది. సంచి మరిచిపోతే ఉన్ని తడిసి ప్రయోగం చెడుతుంది. స్టీలు పళ్లెంలో పెడితే లోహం వేడిని త్వరగా చేరవేసి పోలికను పాడుచేస్తుంది. వెంటనే వివరించేయకండి. "మరి మనకెందుకు వెచ్చగా ఉంటుంది?" అని అడిగి ఆగండి. వేడి తమ ఒంట్లోంచే వస్తోందని, స్వెట్టర్ దాన్ని పోనివ్వడం లేదని ఎవరో ఒకరు అందుకుంటారు. అందాకా నిశ్శబ్దాన్ని ఓర్చుకోవాలి.

అపోహ: చలికాలంలో భూమి సూర్యుడికి దూరంగా ఉంటుంది.

వాస్తవం: ఉత్తరార్ధగోళంలో చలికాలం నడుస్తుండగానే, జనవరి మొదట్లో, భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది: సుమారు 14.71 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో 15.21 కోట్లు. చలికి కారణం దూరం కాదు, భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం. చలికాలంలో మనవైపు ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలు కురచగా ఉంటుంది. నాలుగు, ఐదు తరగతులకు టార్చిలైటుతో చూపించవచ్చు. గళ్ల కాగితం మీద నిలువుగా వేస్తే చిన్న గుండ్రటి వెలుగు, అదే ఎత్తు నుంచి వంచి వేస్తే పొడుగ్గా, మసగ్గా పరుచుకుంటుంది. అంతే వెలుతురు, ఎక్కువ చోటు. వెలుగు అంచు గీసి లోపలి గళ్లు లెక్కపెట్టించండి.

టార్చి కంటే మంచిది ఎండలో నిలబెట్టిన కర్ర. ఎండ ఎంత ఏటవాలుగా పడితే దాని నీడ అంత పొడుగు. మీటరు కర్రను వేరే నీడ పడని చోట నిటారుగా పాతండి. దారానికి రాయి కట్టి వేలాడదీసి నిటారో కాదో చూడాలి, వాలితే కొలత తప్పుతుంది. గడియారం 12 కొట్టినప్పుడే నీడ కురచగా ఉంటుందని అనుకోకండి. 11:30 నుంచి 12:45 దాకా పది నిమిషాలకోసారి నీడ కొసకు గుర్తుపెట్టి, అన్నిటికంటే కురచదాన్ని ఆరోజు కొలతగా తీసుకోండి. రోజూ కాదు, వారానికోసారి చాలు. పగలు అన్నిటికంటే కురచగా ఉండే డిసెంబరు 21 దగ్గరపడే కొద్దీ మార్పు మిల్లీమీటర్లలోకి దిగిపోతుంది, పిల్లలు విసుగెత్తి 'ఆగిపోయింది' అంటారు. ఆ మాట కూడా తేదీతో రాసి ఉంచండి. సెలవులకు ముందు చివరి గుర్తు పెట్టి, దాని మీద మేకు కొట్టి పంపండి. బడి తెరిచిన రోజు పుస్తకాలు తీయకముందే మధ్యాహ్నం ఆ మేకు దగ్గరికి తీసుకెళ్లండి. జనవరి కొంత గడిచాక తెరిస్తే నీడ మేకును అందుకోక ఇవతలే ఆగుతుంది. ఎంత తగ్గిందో స్కేలు పెట్టి వాళ్లే కొలుస్తారు.