బ్లేడ్స్, బ్లాక్ క్యాట్స్: ఒక వెంబ్లీ ఫైనల్ వెనక ఉన్న పాత కథలు

2025 మే 24న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన చాంపియన్‌షిప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో రెండో స్థాయి లీగ్) ప్లేఆఫ్ ఫైనల్‌కి షెఫీల్డ్ యునైటెడ్ 90 పాయింట్లతో, సండర్‌లాండ్ 76 పాయింట్లతో వచ్చాయి. పైగా సండర్‌లాండ్ లీగ్‌లో చివరి ఐదు మ్యాచ్‌లూ ఓడింది. టేబుల్‌లో మొదటి రెండు జట్లు నేరుగా పైకెళ్లాక, వాటి వెనక నిలిచిన కొన్ని జట్లు మిగిలిన ఒక్క ప్రమోషన్ కోసం ఆడే పోటీయే ఈ ప్లేఆఫ్. మొదట టైరీస్ క్యాంప్‌బెల్ గోల్‌తో షెఫీల్డ్ ముందుకెళ్లింది. హారిసన్ బరోస్ కొట్టిన రెండో గోల్‌ని వీడియో రిఫరీ ఆఫ్‌సైడ్ అని కొట్టేశాడు. 76వ నిమిషంలో ఎలియెజర్ మయెండా స్కోరు సమం చేశాడు. 95వ నిమిషంలో టామ్ వాట్సన్ అనే 19 ఏళ్ల కుర్రాడు, అప్పటికే బ్రైటన్‌కి వెళ్లడం ఖాయమైనవాడు, సండర్‌లాండ్‌ని 2-1తో ప్రీమియర్ లీగ్‌లోకి పంపేశాడు.

46 మ్యాచ్‌లాడి 14 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్న జట్టు ఒక్క మధ్యాహ్నంలో అంతా పోగొట్టుకోవడం న్యాయమేనా? షెఫీల్డ్ అభిమానులు మాత్రమే అడిగే ప్రశ్న కాదిది. ఇంతా చేసి, ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌కి వందేళ్ల ఆచారంలా కనిపించే ఈ ప్లేఆఫ్ మొదలైంది 1986-87 సీజన్‌లో. అప్పటి అసలు అవసరం కూడా వేరు. మొదటి డివిజన్‌ని 22 జట్ల నుంచి 20కి తగ్గించాలి. అందుకని పై డివిజన్‌లో కింద నుంచి నాలుగో జట్టుని కూడా కింది డివిజన్ జట్లతో ఆడించేవారు. 1988లో చెల్సీ అలాగే మిడిల్స్‌బ్రో చేతిలో ఓడి కిందికి దిగింది. జట్ల సంఖ్య తగ్గించే పని అయిపోయినా పద్ధతి మాత్రం పోలేదు. టేబుల్ మధ్యలో ఉన్న జట్లకీ సీజన్ చివరిదాకా ఆశ ఉంటుంది, టికెట్లు అమ్ముడవుతాయి. ఎవరు మాత్రం వదులుకుంటారు? 1990 నుంచి ఫైనల్ వెంబ్లీలో ఒకే మ్యాచ్ అయింది.

ఈ ప్లేఆఫ్‌లు సండర్‌లాండ్‌ని పెట్టినన్ని తిప్పలు తక్కువ క్లబ్బులని పెట్టి ఉంటాయి. మొట్టమొదటి ఏడాదే, 1987లో, గిలింగమ్‌తో రెండు మ్యాచ్‌లు కలిపి 6-6 అయితే ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్స్ (away goals) లెక్కలో ఓడి, చరిత్రలో తొలిసారి మూడో డివిజన్‌కి పడిపోయింది. 1990 ఫైనల్లో స్విండన్ చేతిలో ఓడింది. కానీ స్విండన్ డబ్బు అవకతవకలు బయటపడి దాని ప్రమోషన్ రద్దయింది, ఓడిన సండర్‌లాండ్ పైకెళ్లింది! మూడో స్థానంలో నిలిచిన పక్క ఊరి శత్రువు న్యూకాజిల్ కిందే ఉండిపోయింది. 1998లో చార్ల్‌టన్‌తో 4-4, పెనాల్టీల్లో 7-6తో ఓటమి. చార్ల్‌టన్ తరఫున హ్యాట్రిక్ కొట్టిన క్లైవ్ మెండోంసా సండర్‌లాండ్‌లో పెరిగినవాడు, ఆ జట్టు అభిమాని. 2022లో మూడో డివిజన్ ఫైనల్లో వికమ్‌ని ఓడించేదాకా ప్లేఆఫ్ ఫైనల్ గెలవడమంటే ఏమిటో ఆ క్లబ్బుకి తెలియదు.

షెఫీల్డ్ యునైటెడ్‌ది ఇంకా ఘోరం. 2025తో కలిపి పదిసార్లు ప్లేఆఫ్ ఆడి పదిసార్లూ ఓడింది. 2012లో మూడో డివిజన్ ఫైనల్లో 22 పెనాల్టీలు కొట్టాక, చివరికి గోల్‌కీపరే వచ్చి తన్నాల్సి వచ్చినప్పుడు హడర్స్‌ఫీల్డ్ గెలిచింది.

ఆ జట్టు ముద్దుపేరు బ్లేడ్స్. షెఫీల్డ్ శతాబ్దాలుగా కత్తులు, చాకులు, కత్తెరల ఊరు. స్టెయిన్‌లెస్ స్టీల్ పుట్టుకలో పేరున్న హ్యారీ బ్రియర్లీ 1913లో పనిచేస్తున్నది ఇక్కడే. క్లబ్ చిహ్నంలో కూడా రెండు కత్తులు అడ్డంగా ఉంటాయి. ఇంతవరకూ సూటిగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఈ పేరు ముందు పక్క జట్టుది. బుధవారాల్లో ఆడే ఒక క్రికెట్ క్లబ్ 1867లో ఫుట్‌బాల్ విభాగం పెట్టింది, అదే ఇప్పటి షెఫీల్డ్ వెన్స్‌డే. యునైటెడ్ పుట్టిందే 1889లో. అప్పటికి ఊళ్లో బ్లేడ్స్ అంటే వెన్స్‌డేనే. 1899లో వెన్స్‌డే ఆవ్లర్టన్ అనే చోటికి మారింది. ఆ పేరులో గుడ్లగూబకి ఇంగ్లిష్ మాట ‘ఔల్’ వినిపిస్తుంది కాబట్టి మెల్లగా జట్టు ఔల్స్ అయింది. 1912లో జార్జ్ రాబర్ట్‌సన్ అనే ఆటగాడు గుడ్లగూబ బొమ్మ కూడా తెచ్చిచ్చాడు. ఖాళీ అయిన బ్లేడ్స్ పేరు యునైటెడ్‌కి స్థిరపడింది. ఇప్పుడు రెండు వైపులా అభిమానులు ఒకరినొకరు పిలుచుకునే తిట్టు మాత్రం ఒక్కటే: పందులు. అసలు పందులెవరన్నది ఇప్పటికీ తేలలేదు.

సండర్‌లాండ్ బ్లాక్ క్యాట్స్ పేరు ఇంకా కొత్తది. 1898 నుంచి 1997 దాకా రోకర్ పార్క్‌లో ఆడినన్నాళ్లూ వాళ్లు రోకరైట్స్. మైదానమే మారాక ఆ పేరుకి అర్థం లేకుండా పోయింది. 2000లో క్లబ్ అభిమానుల చేత ఓటు వేయించింది. మాకెమ్స్, లైట్ బ్రిగేడ్, మైనర్స్, సోల్స్ పోటీలో ఉన్నా బ్లాక్ క్యాట్స్ గెలిచింది.

అలాగని పిల్లి ఊరికే ఊడిపడలేదు. వేర్ నది ఒడ్డున ఉన్న ఫిరంగుల స్థావరంలో 1805లో కాపలా ఉన్న ఒకతను రాత్రి నల్ల పిల్లి అరుపు విని దెయ్యమనుకుని పారిపోయాడని, అప్పటి నుంచి ఆ స్థావరానికి బ్లాక్ క్యాట్ పేరొచ్చిందని చెప్పుకుంటారు. 1937 ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి 12 ఏళ్ల అభిమాని ఒకడు జేబులో నల్ల పిల్లిపిల్లని పెట్టుకెళ్లాడు. సండర్‌లాండ్ ప్రెస్టన్‌ని 3-1తో ఓడించింది. మన దగ్గర పిల్లి ఎదురైతే ప్రయాణం ఆపేస్తాం, బ్రిటన్‌లో చాలామందికి నల్ల పిల్లి కలిసొచ్చేది.

నాకు ఆసక్తిగా అనిపించేది ఓడిపోయిన పేర్లు. ఓడల తయారీ ఊరు కాబట్టి, వాటిని తయారుచేసేవాళ్లు (make 'em) అన్న అర్థంలో అక్కడివాళ్లని మాకెమ్స్ అంటారని ఒక వివరణ ఉంది. మైనర్స్ అంటే గని కార్మికులు. చివరి ఓడల యార్డులు 1988లో, మంక్‌వేర్‌మౌత్ గని 1993లో మూతపడ్డాయి. కొత్త స్టేడియం కట్టింది సరిగ్గా ఆ గని స్థలంలోనే. స్టేడియం ఆఫ్ లైట్ అన్న పేరూ గనిలోకి దిగేవాళ్ల దీపం గుర్తుగా పెట్టిందే. ఇంత చేసి జట్టు పేరు దగ్గరికొచ్చేసరికి జనం పిల్లికి ఓటేశారు. 1997 నుంచి వాడుతున్న క్లబ్ చిహ్నంలో మాత్రం పిల్లి లేదు: రెండు సింహాలు, ఒక వంతెన, పైన గని చక్రం.