బిరుదు వినగానే ఎవరిచ్చారో అడగండి

పిల్లలూ,

డ్యూక్ పెద్దా ప్రిన్స్ పెద్దా, లార్డ్‌కీ సర్‌కీ తేడా ఏంటి, మన వెంకటగిరి రాజాగారు నిజంగా రాజేనా అని మీరు వరసబెట్టి అడిగినవన్నీ చదివాను. ఒక్కోదానికి ఒక్కో ముక్క జవాబు చెబితే రేపటికి మర్చిపోతారు, అందుకే ఇంత ఉత్తరం రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. బిరుదు ఎంత గంభీరంగా ఉంటే మనిషి అంత పెద్దవాడని అనుకుంటాం. నేను మాత్రం, అది ఎవరిచ్చారు, ఇచ్చినవాడు ఇతనికి పైవాడా అని అడగమంటాను. 'మహామండలేశ్వరుడు' అంటే మీ చెవికి ఎలా ఉంది? చక్రవర్తిలా ఉంది కదూ. అది సామంతుడి హోదా! కాకతీయులు కళ్యాణి చాళుక్యుల కింద ఉన్న రోజుల్లో వాళ్ల హోదా అదే. విజయనగరం మొదటి హరిహరుడు కూడా శాసనాల్లో మహామండలేశ్వరుడే, అదే వంశంలో రెండో హరిహరరాయల కాలం వచ్చేసరికి 'మహారాజాధిరాజ రాజపరమేశ్వర' అయింది. మనవాళ్లు రాజు, మహారాజు, మహారాజాధిరాజు అని మాట మీద మాట పెంచుకుంటూ పోయింది ఎందుకంటే, చుట్టుపక్కల అందరూ రాజులే అయినప్పుడు ఆ రాజుల మీద రాజునని చెప్పుకోడానికి వేరే దారి లేక.

ఈ అంతస్తులన్నీ ఒక్కచోట చూడాలంటే దూరం పోనక్కర్లేదు, మన అద్దంకి శాసనం ఉంది. 848 నాటిది, తెలుగులో దొరికిన మొట్టమొదటి పద్యశాసనాల్లో ఒకటి. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాపతి పండరంగడు పన్నెండు బోయకొట్టాలను, అంటే బోయల స్థావరాలను, గెలిచిన సంగతి అందులో ఉంది, మన కందుకూరు పేరు కూడా ఉంది. 'పట్టంబు గట్టిన' అనే మాటతో మొదలవుతుంది. పట్టం అంటే నుదుటికి కట్టే పట్టీ, ఆ కట్టడమే అధికారం ఇవ్వడం. రాజుకి పట్టం కట్టారు, రాజు పండరంగడికి సేనాపతి పట్టం కట్టించాడు, ఆ పండరంగడు సామంతుల సైన్యాన్ని వెంటబెట్టుకుని యుద్ధానికి వెళ్లాడు. రాజు, దళపతి, సామంతులు, నాలుగు పాదాల్లో మొత్తం మెట్లన్నీ వచ్చేశాయి చూడండి! అందులోనే 'త్రిభువనాంకుశ' అనే మాట కూడా ఉంది, అది తూర్పు చాళుక్యుల రాజముద్ర మీద ఉండే బిరుదు. మూడు లోకాలకూ అంకుశం లాంటివాడట. ఆ శాసనం గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు, మన నేల మీద రాసిన మాటలు కదా అవి.

ఉదయగిరి కోట దగ్గర ఇంకో రకం బిరుదులు ఢీకొన్నాయి. కోట ఒరిస్సా గజపతుల చేతిలో ఉండేది, కృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. గజపతి అంటే ఏనుగుల దండు ఉన్నవాడు, విజయనగర రాయల్ని నరపతి అనేవాళ్లు, అంటే కాల్బలం ఉన్నవాడు, ఢిల్లీ సుల్తాను అశ్వపతి. ఎవరి సైన్యంలో ఏది ఎక్కువో అదే పేరైంది. మన నాయకర్లు, అమరనాయకులు ఈ మెట్లలో ఇంకా కిందివాళ్లు, రాయలు భూమి ఇస్తే దాని ఆదాయంతో సైన్యాన్ని పోషించి అడిగినప్పుడు పంపాలి.

ఇక వెంకటగిరి. అక్కడి రాజావంశం వెలుగోటివారి పేర్ల చివర 'పంచహజారీ మన్సబ్‌దార్' అని కనపడుతుంది, అది మొగలుల పద్ధతి. మన్సబ్ అంటే హోదా, అక్బరు దానికి అంకెలు పెట్టాడు, పదితో మొదలై వేలల్లోకి పోతుంది, పంచహజారీ అంటే ఐదువేలు. ఐదువేల మంది రౌతులు నిజంగా ఉండాలని కాదు, హోదాకి ఒక అంకె, పోషించాల్సిన గుర్రపు రౌతులకి వేరే అంకె ఉండేవి. ఇక వెంకటగిరి రాజాగారు రాజేనా అంటే, మన నెల్లూరు ప్రాంతం 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది, ఆ తర్వాత వెంకటగిరి శాశ్వత శిస్తు కట్టే జమీందారీ. గౌరవానికి రాజా, లెక్కల్లో జమీందారు. హైదరాబాదు, మైసూరు లాంటివి సంస్థానాలు, వాటి రాజులు వస్తే గౌరవంగా ఇరవయ్యొక్కసార్లు ఫిరంగులు పేల్చేవాళ్లు. మన పక్కనే ఉన్న బనగానపల్లె నవాబుకి తొమ్మిది. జమీందారుకి ఆ లెక్కే లేదు. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు పోయాయి.

ఇంగ్లీషువాళ్లవి ఇంకా తేలిక, ఐదే మెట్లు. పైనుంచి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. ఎర్ల్ భార్యని మాత్రం కౌంటెస్ అంటారు. ప్రిన్స్ ఈ మెట్లలో లేడు, అది పుట్టుకతో వచ్చేది, ప్రిన్స్ విలియంకి 2011లో పెళ్లిరోజున కేంబ్రిడ్జ్ డ్యూక్ హోదా విడిగా ఇచ్చారు. అన్ని దేశాల్లో ఇలాగే ఉండదు, మొనాకోలో ఏలేది ప్రిన్స్, లక్సెంబర్గ్‌లో గ్రాండ్ డ్యూక్. మెట్లు ఎక్కడం చూడాలంటే టిప్పు సుల్తానుతో 1799లో శ్రీరంగపట్నంలో జరిగిన యుద్ధంలో ఉన్న ఆర్థర్ వెల్లస్లీని చూడండి. తర్వాత యూరప్‌లో యుద్ధాలు గెలిచి 1809లో వైకౌంట్, 1812లో ఎర్ల్, అదే ఏడు మార్క్వెస్, 1814లో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. ఐదేళ్లలో అంతా అయిపోయింది. నెల్లూరు కంపెనీ చేతికి పోయినప్పుడు గవర్నర్ జనరల్‌గా ఉన్నది ఆయన అన్నే. వైస్రాయ్ అనేది మాత్రం ఈ మెట్లలోది కాదు, అది ఉద్యోగం, పదవీకాలం అయిపోతే ఇంకొకరికి పోతుంది.

సర్ అంటే నైట్ (knight) అనే హోదా ఉన్నవాడు. అది కొడుక్కి రాదు, పైన చెప్పిన ఐదింటిలోనూ లేదు. సర్‌ని అసలు పేరుకి తగిలించాలి, సర్ ఆర్థర్ కాటన్ అనొచ్చు, సర్ ఆర్థర్ అనొచ్చు, సర్ కాటన్ అంటే తప్పు. లార్డ్ అనేది ఆ ఐదు మెట్లలో డ్యూక్ కాక మిగతావాళ్లని పిలిచే మాట, లార్డ్ రిప్పన్ అన్నప్పుడు రిప్పన్ ఆయన బిరుదులోని ఊరు. మన దక్షిణాది హిందువులకి ఇంగ్లీషువాళ్లు ఇచ్చినవి రావు సాహెబ్, దానిపైన రావు బహదూర్, ఆపైన దివాన్ బహదూర్. వీరేశలింగం పంతులుగారికి రావు బహదూర్ 1893లో వచ్చింది. ఇచ్చినవాళ్ల మీద కోపం వస్తే తిప్పికొట్టొచ్చు కూడా, జలియన్‌వాలాబాగ్ తర్వాత 1919లో రవీంద్రనాథ్ టాగోర్ సర్ బిరుదు వద్దన్నాడు.

ఏ రాజూ ఇవ్వనివి కూడా ఉన్నాయి. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ని వెళ్లిపొమ్మన్నప్పుడు పోలీసు తుపాకీకి రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం గారిని ఆంధ్రకేసరి అన్నది జనమే. 1972లో ఒంగోలు జిల్లాకి ఆయన పేరు పెట్టారు. నాకు దివాన్ బహదూర్ల జాబితా కన్నా ఈ ఒక్క మాట ఎక్కువ.

ఇప్పుడు మన దేశంలో ఇవేవీ చెల్లవు. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదు, చదువుకి, సైన్యానికి సంబంధించినవి తప్ప. అందుకే డాక్టర్ అని, కల్నల్ అని రాసుకోవచ్చు. మరి పద్మశ్రీ, భారతరత్న అంటారా? అవి పురస్కారాలు, బిరుదులు కావు, పేరుకి ముందూ వెనకా తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. మన బ్యానర్ల మీద, శుభలేఖల మీద 'పద్మశ్రీ ఫలానా' అని వేస్తుంటారే, అది సరైంది కాదు. ఈసారి కనపడితే అక్కడున్న పెద్దవాళ్లకి మెల్లగా చెప్పండి.

మీ తాతయ్య