సీటొచ్చింది, సర్టిఫికెట్ రాలేదు

మా వీధి చివరింటి అమ్మాయి అనంతపురంలోనే ఓ ప్రైవేటు కాలేజీలో బీటెక్ పూర్తిచేసింది. మార్కులున్నాయి, ఉద్యోగం ఉంది. చేతిలో ఒరిజినల్స్ మాత్రం లేవు. ప్రభుత్వం నుంచి మీ ఫీజు ఇంకా పడలేదు, కట్టి తీసుకుపొమ్మన్నారు కాలేజీ వాళ్లు.

ఈ చిక్కు ఒక్కరోజులో వచ్చింది కాదు. పైచదువుకు సర్కారు సాయం స్వాతంత్ర్యానికి ముందే ఉంది. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పదో తరగతి తర్వాతి చదువుకిచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పట్లో ఈ జిల్లాలో పైచదువంటే 1916లో పెట్టిన సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ, అంటే ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ. సర్కారు కాలేజీలో ఫీజు పెద్ద బరువు కాదు. ఊరు వదిలి వచ్చిన పిల్లవాడికి తిండి, గది దొరకడమే కష్టం. అందుకే మా పెద్దవాళ్లు చదువు గురించి చెప్పినప్పుడల్లా హాస్టల్ మాట ముందొస్తుంది.

ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు పెరిగాక లెక్క మారిపోయింది. వేరుశెనగ చేతికి రాని ఏడు బెంగళూరుకు కూలికి పోయే కుటుంబం వేలకు వేలు ఫీజు ఎక్కడ తెస్తుంది? వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను (విద్యార్థి ఫీజును సర్కారే కట్టే పథకాన్ని) బీసీలకు, ఈబీసీలకు, అంటే ఆర్థికంగా వెనుకబడినవాళ్లకు విస్తరించింది. ఇంట్లో మొదటిసారి ఇంజినీరు అయిన పిల్లలు ఆ పథకంతో మా చుట్టుపక్కల ఎంతమందో! దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

తర్వాత ఇంజినీరింగ్‌లో చాలామందికి 35,000 రూపాయల దాకానే ఇస్తామన్నారు. మిగతాది ఇంటివాళ్లే కట్టుకున్నారు. 2020లో విద్యా దీవెన పేరుతో మళ్లీ పూర్తి ఫీజన్నారు. తిండికి, గదికి ఇచ్చే వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000. డబ్బు తల్లి ఖాతాలో పడేది. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీకే ఇస్తామన్నారు.

ఎవరి ఖాతా అన్నదాని మీద ఇన్నేళ్లుగా వాదన నడిచింది. ఏ తేదీకి పడుతుందన్నది మాత్రం ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. బకాయి సర్కారుది, వాయిదా కాలేజీకి, సర్టిఫికెట్ ఆగేది పిల్లలకు. సీటు ఇప్పించడంతో పని అయిపోయిందనుకుంటే ఎలా? చదువు ముగించి పట్టా చేతికందేదాకా ఆ సాయం వెంట ఉండాలి కదా.

చివరింటాయన, ఆ అమ్మాయి తండ్రి, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. సర్టిఫికెట్లను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తడవకుండా చొక్కా లోపల దాచుకుని ఇంటికొచ్చాడు. రీయింబర్స్‌మెంట్ పడిందేమోనని ఆ అమ్మాయి ఇప్పటికీ ఫోన్లో చూసుకుంటూనే ఉంది.