గుడి గోడ చారలు, ఆకాశంలో హైడ్రోజన్

చిత్తూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: “గెలాక్సీ చుట్టూ పరుచుకున్న హైడ్రోజన్ గెలాక్సీకన్నా పెద్దది కదా, మరి రేడియో టెలిస్కోపులకు అంత సులువుగా ఎందుకు చిక్కదు?” పలచన కాబట్టి అనేస్తే సగం జవాబే. మిగతా సగం ఆ పెద్దతనంలోనే ఉంది.

హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్ స్పిన్‌లు (చిన్న అయస్కాంతాల్లా వాటిని ప్రవర్తింపజేసే సహజ లక్షణం) ఒకే దిక్కున ఉండి, ఒకటి తిరగబడితే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం వెలువడుతుంది. ఒక పరమాణువు తనంతట తాను ఆ పని చేయడానికి సగటున కోటీ పది లక్షల ఏళ్లు పడుతుంది. 1951లో హార్వర్డ్‌లో ఈవెన్, పర్సెల్ దీన్ని పట్టుకున్నారు.

(తిరుపతి–చిత్తూరు దారిలో గాదంకి రాడార్‌దీ ఇదే పని అనుకుంటారు చాలామంది. కాదు. అది తానే 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, వాతావరణం తిప్పి పంపినవాటిని అందుకుంటుంది. రేడియో టెలిస్కోప్ ఏమీ పంపదు.)

మన గుళ్ల ప్రహరీ గోడలకు సున్నం, కావి చారలు వేస్తారు కదా. పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. వాటిలో ఏ రెండింటిని జతచేసినా ఆకాశం మీద అలాంటి చారలు పరిచినట్టే. తెల్లచారలో పడిన సంకేతాన్ని కూడతాయి, కావిచారలో పడినదాన్ని తీసేస్తాయి. తెల్లచార మీద బల్లి ఉంటే కూడికే తప్ప తీసివేత లేదు, బల్లి దొరికిపోతుంది. అదే వేపచెట్టు నీడ, పరుచుకున్న హైడ్రోజన్‌లా, ఇరవై చారల మేర పడితే? కూడినదంతా తీసివేతలో పోతుంది. నీడ గోడ మీదే ఉంటుంది, లెక్కలో మాత్రం సున్నా! డిష్‌లు దూరమయ్యేకొద్దీ చారలు సన్నబడతాయి. 25 కిలోమీటర్ల ఎడంలో తెలుపూ కావీ కలిపి రెండు ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషం డిగ్రీలో 60వ వంతు, ఆర్క్ సెకను అందులో 60వ వంతు) కూడా ఉండవు. 100 మీటర్లకు 7 ఆర్క్ నిమిషాలు, అంటే చందమామ వెడల్పులో నాలుగో వంతు. ఇంకా వెడల్పు చారలు కావాలంటే డిష్‌లను దగ్గరకు జరపాలి. 45 మీటర్ల డిష్‌లను 45 మీటర్లకన్నా దగ్గరగా ఎలా పెడతాం?

ఒంటరి డిష్‌కు చారల బెడద లేదు, పడిందంతా కూడికే. అందుకే అమెరికాలో 100 మీటర్ల గ్రీన్ బ్యాంక్, చైనాలో 500 మీటర్ల ఫాస్ట్ అనే ఒంటరి డిష్‌లు. గెలాక్సీ పళ్లెంలో మన చూపు వెంట చదరపు సెంటీమీటరు వెడల్పు నిలువు గొట్టంలో 10²⁰కు పైగా పరమాణువులుంటే, అంచుల్లో వెతికేది 10¹⁸, అంతకన్నా తక్కువ. అయితే గ్రీన్ బ్యాంక్‌కు 9 ఆర్క్ నిమిషాలకన్నా సన్నని వివరమంతా మసకే. రెండు రకాల కొలతలనూ కలిపితేనే పటం. ఇంత బలహీన సంకేతానికి ఖగోళ శాస్త్రవేత్తలు ఇన్ని తంటాలు పడుతుంటే, గ్రహాల కిరణాలు జాతకం మారుస్తాయని చెప్పేవారు వాటిని ఏ డిష్‌తో కొలిచారో అడగాలనిపిస్తుంది.

సప్తర్షి మండలం వైపు, 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎం81, ఎం82, ఎన్‌జీసీ 3077 గెలాక్సీలున్నాయి. మామూలు ఫొటోల్లో దేనికదే. 1994లో అమెరికాలోని డిష్‌ల సమూహం వీఎల్ఏ గీసిన హైడ్రోజన్ పటంలో మూడింటినీ వాయువు తోకలు కట్టేసి ఉన్నాయి. అక్కడ ఇంకో చిక్కుంది. వాయువు వేగాన్ని బట్టి 21 సెంటీమీటర్ల తరంగం పొడవు కాస్త మారుతుంది, ఆ తేడాతోనే ఏ వాయువు ఎక్కడిదో గుర్తిస్తారు. ఎం81 మనవైపు సెకనుకు సుమారు 35 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. మన పాలపుంత హైడ్రోజన్ వేగాలూ దాదాపు అవే కాబట్టి ఏది ఎవరి వాయువో విడదీయడం కష్టం.

డిష్‌లను దగ్గరకు జరపలేని ఇబ్బందికి దక్షిణాఫ్రికా రేడియో టెలిస్కోప్ మీర్‌క్యాట్ వాళ్లు 13.5 మీటర్ల చిన్న డిష్‌లను 64 పెట్టి, వాటిలో కొన్నింటిని 29 మీటర్ల ఎడానికి తెచ్చారు. వాటి చారల జత 25 ఆర్క్ నిమిషాలు, ఇంచుమించు చందమామంత.