పోటు వచ్చేలోగా తిరిగి రండి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

ఈ వేసవిలో మోటార్‌హోమ్ (లోపలే ఉండేందుకు వీలైన ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని అకేడియా జాతీయ ఉద్యానానికి వెళ్తున్నామని మీరు రాసినది చదివి ఎంతో సంతోషించాను. నిరుడు మీ పెదనాన్నతో కలిసి అక్కడ నాలుగు రాత్రులు గడిపాను కనుక, మీకు ముందే తెలియవలసిన సంగతులు రాస్తున్నాను.

ఉద్యానంలో ఎక్కువ భాగం మౌంట్ డెజర్ట్ ద్వీపంలో ఉంది. వంతెన ఉన్నందువల్ల బండి నేరుగా ద్వీపంలోకి వెళ్తుంది. అయితే 466 మీటర్ల కాడిలాక్ కొండపైకి వెళ్లే దారిలో మోటార్‌హోములను అనుమతించరు. లోపలి రాతి వంతెనలు కొన్ని తక్కువ ఎత్తులో ఉంటాయి. అందువల్ల బండిని క్యాంపులోనే ఉంచి, వేసవిలో నడిచే ఉచిత బస్సులో తిరగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది సముద్రపు వేళ. మన కాకినాడ తీరంలో పోటుకూ (నీరు పెరిగే వేళ) పాటుకూ (నీరు తగ్గే వేళ) మధ్య నీటి ఎత్తులో తేడా సాధారణంగా మనిషి ఎత్తు దాటదు. అక్కడ అది 10 నుంచి 12 అడుగులు. ఊయల వెనక్కి వచ్చే వేళకే మళ్లీ నెడితే అది ఎలా పైపైకి ఊగుతుందో, అక్కడి మెయిన్ అఖాతంలోని నీరు సహజంగా ఊగే వేళ చంద్రుని ఆకర్షణ వల్ల వచ్చే పోటు వేళకు దగ్గరగా ఉండటంతో నీరు అంతగా పెరుగుతుంది.

బార్ హార్బర్ ఊరి నుంచి బార్ ద్వీపానికి పాటు సమయంలో గులకరాళ్ల దారి నీటిలోంచి బయటపడుతుంది. పూర్తి పాటుకు ముందు గంటన్నర, తరువాత గంటన్నర మాత్రమే నడవగలం. మేము ఆల్చిప్పలు చూస్తూ ఆలస్యం చేశాము. తిరిగి వచ్చేటప్పుడు రెండు వైపుల నుంచీ సన్నని నీటి పొరలు రాళ్ల సందుల్లోకి చప్పుడు లేకుండా పాకుతున్నాయి. చివరి పది అడుగులు చీలమండల లోతు నీటిలో నడిచాము. వేసవిలో కూడా ఆ నీటికి కాళ్లు కొంకర్లు పోతాయి. మీ పెదనాన్న చేయి వదలకుండా పట్టుకున్నాను.

పాటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక నిన్నటి సమయాన్ని నమ్ముకోవద్దు. మీరు వెళ్లే తేదీ రాయండి. ఆ రోజు ఎన్ని గంటలకు బయలుదేరాలో మీ చేతనే లెక్క కట్టిస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య